కొక్కెం మీద ఆగిన స్ప్రింగు: చిన్న బలం పెద్ద పనిని ఎలా విడుదల చేస్తుంది

ఇంటి కరెంటు బోర్డులో బిగించే ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి కారితే సప్లైని ఆపేసే స్విచ్) సాధారణంగా 30 మిల్లీయాంపియర్ల లీకేజీకి ట్రిప్ అయ్యేలా తయారవుతుంది. 230 వోల్టుల దగ్గర లెక్క వేస్తే ఆ లీకేజీ దాదాపు ఏడు వాట్లు, అంటే ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు వాడుకునేంత. ఆ ఏడు వాట్లు కూడా పరికరానికి పూర్తిగా దక్కవు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ దాటి, కొక్కేన్ని విడిపించే రిలే అనే చిన్న అయస్కాంత పరికరానికి చేరే శక్తి మైక్రోజౌళ్లలో మాత్రమే ఉంటుంది. అయినా 40 యాంపియర్ల కరెంటును మోసే కాంటాక్టులు టప్పున విడిపోతాయి. ఈ రకం ఆర్‌సీసీబీలో బ్యాటరీ లేదు, మోటారు లేదు, ఎలక్ట్రానిక్ సర్క్యూట్ కూడా లేదు. కాంటాక్టులను విడదీసిన శక్తి ఎప్పుడో, బహుశా మూడు నాలుగేళ్ల కిందట, దాని పిడిని పైకి లేపిన చేతి నుంచి వచ్చింది. ఇంతకాలమూ అది ఒక స్ప్రింగులో దాగి ఉంది.

ఇలాంటి పరికరాలు చిన్న బలాన్ని పెద్దది చేస్తాయని అనుకోవడం పరిపాటి. గునపంతో బండను పెకలించేటప్పుడు నిజంగానే చిన్న బలం పెద్దదవుతుంది, కానీ దానికి తగ్గట్టు చెయ్యి ఎక్కువ దూరం కదలాలి. చేసిన పనిలో మాత్రం పెరుగుదల ఉండదు. స్ప్రింగు, కొక్కెం కలిసిన ఏర్పాటు అలాంటిది కాదు. అందులో పని ముందే జరిగిపోయి ఉంటుంది. ఎలుకబోను తీగను వెనక్కి వంచి కొక్కేనికి తగిలించిన మనిషి ఆ పని చేసేశాడు. ఎరను కదిపిన ఎలుక దానికి కొత్తగా కలిపేదేమీ లేదు, అడ్డు తొలగించడం తప్ప. కాబట్టి ఈ యంత్రాల్లో అసలు ఇంజనీరింగ్ అంతా స్ప్రింగులో కంటే దాన్ని ఆపి ఉంచే కొక్కెంలోనే ఉంటుంది. స్ప్రింగు ఎంత శక్తి ఇవ్వగలదో లెక్కకట్టడం తేలిక. కొక్కెం ఏళ్ల తరబడి కదలకుండా నిలిచి, అడిగిన క్షణంలో, అడిగినంత బలానికే వదలాలి. కష్టమంతా అక్కడే ఉంది.

ఒక ఊహా ఉదాహరణతో ఈ లెక్క చూడవచ్చు. పూర్తిగా సాగినప్పుడు 200 న్యూటన్ల బలంతో లాగే స్ప్రింగు 10 మిల్లీమీటర్లు కదిలి పూర్తిగా వదులైపోతుందనుకుంటే, అందులో నిలవ ఉన్న శక్తి ఒక జౌల్. ఆ 200 న్యూటన్లను నేరుగా కొక్కెం మీద పెట్టకుండా, అయిదు రెట్లు తగ్గించే ఒక మీట, నాలుగు రెట్లు తగ్గించే మరో మీట మధ్యలో ఉంచితే కొక్కెం మీద పడే భారం 10 న్యూటన్లకు దిగుతుంది. నూనె పట్టిన నునుపైన ఉక్కు మీద ఉక్కు జారేటప్పుడు ఘర్షణ గుణకం సుమారు 0.15 అనుకుంటే, ఆ కొక్కేన్ని పక్కకు తప్పించడానికి ఒకటిన్నర న్యూటన్లు చాలు. అది ఒక మిల్లీమీటరు జరిగితే విడిపోతుందనుకుంటే ఖర్చయ్యే పని ఒకటిన్నర మిల్లీజౌల్, విడుదలయ్యేది ఒక జౌల్. రెండింటి నిష్పత్తి ఆరువందల పైచిలుకు. మరో మీట చేరిస్తే ఇంకా పెరుగుతుంది. కాగితం మీద దీనికి హద్దు లేదు. హద్దు వచ్చేది ఘర్షణ గుణకాన్ని స్థిరాంకంగా తీసుకున్న చోట. అదే గ్రీజు ఎండిపోయి, దుమ్ము పట్టి, పొడి ఉక్కు మీద పొడి ఉక్కు రాసుకునే స్థితికి వస్తే ఆ గుణకం 0.5 దాటవచ్చు. అప్పుడు ఒకటిన్నర న్యూటన్లకు విడిపోవలసిన కొక్కెం అయిదు న్యూటన్లు అడుగుతుంది. స్ప్రింగు బలం ఏమీ తగ్గలేదు, కానీ యంత్రం పనిచేయదు.

కొక్కెం ముఖాన్ని ఏ కోణంలో చెక్కాలన్నది ఇంకా సున్నితమైన విషయం. ముఖం లోపలికి కొద్దిగా వాలి ఉంటే, విడిపించడానికి ముందు స్ప్రింగును మరికాస్త సాగదీయవలసి వస్తుంది. అదిరినా ఊగినా కొక్కెం తిరిగి లోపలికే కూర్చుంటుంది. భద్రత ఎక్కువ, కావలసిన బలమూ ఎక్కువే. ముఖం బయటికి వాలి ఉంటే స్ప్రింగే దాన్ని బయటికి తోస్తూ ఉంటుంది, కేవలం ఘర్షణ వల్ల అది నిలుస్తుంది. అప్పుడు చిటికెన వేలితో తాకితే చాలు విడిపోతుంది. లారీ వెళ్లిన అదురుకైనా విడిపోవచ్చు. వాలు కోణపు టాంజెంటు ఘర్షణ గుణకాన్ని మించితే అసలు నిలవనే నిలవదు. రూపకర్తలు చాలావరకు మొదటి దారినే ఎంచుకుని, జారే ముఖానికి బదులు చిన్న రోలరు పెట్టి ఘర్షణను తగ్గిస్తారు. ఖర్చు తగ్గించుకోవడానికి రోలరు తీసేసి, కోణాన్ని సరిపెట్టి అదే సున్నితత్వం చూపించే నమూనా పరీక్ష గదిలో బాగానే నెగ్గుతుంది. తేడా బయటపడేది కొన్నేళ్ల తర్వాత, గోడ మీద.

మీటలు, కొక్కేలు కాకుండా మరో ఏర్పాటు ఉంది. రెండు కడ్డీలను మధ్యలో కీలుతో కలిపి దాదాపు ఒకే సరళరేఖలో నిలబెడితే అవి చాలా పెద్ద భారాన్ని మోస్తాయి, కానీ కీలు దగ్గర పక్కకు తోసే బలం అతి స్వల్పంగా ఉంటుంది. ప్రతి కడ్డీ సరళరేఖ నుంచి రెండు డిగ్రీలు వంగి ఉంటే, 100 న్యూటన్ల భారానికి కీలు దగ్గర అడ్డు పెట్టవలసిన బలం సుమారు ఏడు న్యూటన్లే. కోణం ఇంకా తగ్గిస్తే అది ఇంకా తగ్గుతుంది. పెద్ద బ్రేకర్లలో కనిపించేది ఎక్కువగా ఇదే. దీని బలహీనత కూడా ఆ చిన్న కోణమే: కీలు పిన్ను అరగడం, ఫ్రేము కొద్దిగా వంగడం వంటి చిన్న మార్పులు కూడా రెండు డిగ్రీలను ఒకటిగానో మూడుగానో మార్చేయగలవు, దానితో విడుదల బలం సగానికో ఒకటిన్నర రెట్లకో మారిపోతుంది.

ఇప్పుడు ఎంసీబీని, అంటే లోడు ఎక్కువైనా షార్ట్ అయినా కరెంటును ఆపే ఇంటి బ్రేకరును, దగ్గరగా చూద్దాం. పిడిని పైకి నెట్టినప్పుడు లోపల వంచిన ఒక సన్నని తీగ లింకు కదిలే కాంటాక్టును స్థిర కాంటాక్టు మీదికి నెడుతుంది, అదే సమయంలో దాన్ని వెనక్కి లాగే స్ప్రింగు సాగుతుంది. ఆ లింకు చివర ఒక చిన్న గంటులో కూర్చుని ఉంటుంది. ఆ గంటును కదిపే దారులు రెండు. మోయవలసిన దానికంటే ఎక్కువ లోడు పడితే బైమెటల్ పట్టీ (రెండు లోహాలను అతికించిన పట్టీ) వేడెక్కి మెల్లగా వంగి ట్రిప్ మీటను తోస్తుంది. ఎక్కడైనా షార్ట్ అయితే సోలినాయిడ్ (కరెంటు పారితే అయస్కాంతమయ్యే తీగచుట్ట) లోపలి ఇనుప ముక్క ఒక్కసారిగా దూసుకొచ్చి అదే మీటను కొడుతుంది. మనదేశంలో ఇళ్లకు ఎక్కువగా వాడే సి తరగతి ఎంసీబీలో ఈ రెండో దారి, రేటింగు కరెంటుకు అయిదు నుంచి పది రెట్ల మధ్య తెరుచుకుంటుంది. మొదటి దారి అంత తొందర పడదు: ప్రమాణం ప్రకారం 1.13 రెట్ల కరెంటుకు గంటసేపు నిలవాలి, 1.45 రెట్ల కరెంటుకు గంటలోపు పడిపోవాలి.

స్ప్రింగు అసలు ఎందుకు అవసరమో ఈ మొదటి దారే చెబుతుంది. బైమెటల్ పట్టీ వంగడానికి నిమిషాలు పడుతుంది. కాంటాక్టులను అదే నేరుగా విడదీస్తే అవి కూడా నిమిషాల వ్యవధిలో, వెంట్రుక మందం చొప్పున విడిపోతాయి. ఆ సన్నని సందులో ఆర్క్ (కరెంటు గాలి గుండా దూకే జ్వాల) మండుతూనే ఉంటుంది, కాంటాక్టులు కరిగి అతుక్కుపోతాయి. కొక్కెం మధ్యలో ఉండడం వల్ల పట్టీ కదలిక ఎంత నెమ్మదిదైనా కాంటాక్టుల వేగం మారదు. కొక్కెం అంచు దాటే వరకు ఏమీ జరగదు, దాటాక మొత్తం కొన్ని మిల్లీసెకన్లలో జరిగిపోతుంది. బలాన్ని పెంచడం కంటే, నెమ్మదైన సంకేతాన్ని వేగవంతమైన చర్యగా మార్చడమే ఇక్కడ స్ప్రింగు చేసే గొప్ప ఉపకారం. ప్రయోజనాల జాబితాలో దీన్ని తరచుగా చివర చెబుతారు, మొదట చెప్పవలసింది ఇదే. షార్ట్ సర్క్యూట్‌లో మాత్రం కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం కూడా భారమే కనుక, చాలా ఎంసీబీల్లో సోలినాయిడ్ ముక్క ట్రిప్ మీటను తోయడంతో ఆగకుండా కదిలే కాంటాక్టునే సుత్తిలా కొట్టి విడదీస్తుంది; స్ప్రింగు వెనకాలే వచ్చి ఆ కాంటాక్టు మళ్లీ మూసుకోకుండా పట్టుకుంటుంది. అంటే బలానికి కొరత లేని చోట ఇంజనీర్లు కొక్కెం కోసం వేచి ఉండరు.

పిడిని వేలితో పైకే పట్టుకుని ఉంచినా, టేపు వేసి బిగించినా ఎంసీబీ లోపల ట్రిప్ అవుతుంది. లింకు గంటు నుంచి జారిపోయాక పిడికి, కాంటాక్టుకు సంబంధం తెగిపోతుంది కాబట్టి బయటి చెయ్యి దాన్ని ఆపలేదు. ఇదే కారణంగా, లోపం తొలగకుండా పిడిని ఎన్నిసార్లు లేపినా అది నిలవదు. ‘ఎంసీబీ పాడైంది, పైకి లేపితే ఆగట్లేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావరకు ఎంసీబీ తన పని తాను సరిగ్గా చేస్తున్నవే. ఫ్యాక్టరీల్లో, పెద్ద అపార్టుమెంట్లలో వాడే ఎంసీసీబీల్లో (ఎంసీబీ కంటే పెద్ద బ్రేకర్లలో) ట్రిప్ తర్వాత పిడి మధ్యలో ఆగుతుంది. దాన్ని ముందు పూర్తిగా కిందికి నొక్కి, ఆ తర్వాతే పైకి లేపాలి. కిందికి నొక్కినప్పుడు కొంత బిగువు చేతికి తెలుస్తుంది. స్ప్రింగును మళ్లీ సాగదీసి కొక్కేనికి తగిలించే పని అది, విడుదలైన శక్తిని చెయ్యి తిరిగి నింపుతోంది. ఆ బిగువు తెలియకపోతే కొక్కెం పడలేదన్నమాట.

ఆర్‌సీసీబీలో ఈ సూత్రం రెండు అంతస్తుల్లో పనిచేస్తుంది. ఫేజు, న్యూట్రల్ తీగలు రెండూ ఒక గుండ్రని కోరు (లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌లోని అయస్కాంత వలయం) గుండా వెళతాయి. వెళ్లిన కరెంటంతా తిరిగి వస్తే కోరులో అయస్కాంత క్షేత్రం రద్దయిపోతుంది. కొంత కరెంటు మనిషి ఒంటి గుండానో తడిగోడ గుండానో భూమిలోకి పోతే ఆ తేడా కోరు మీది రెండో చుట్టలో అతి స్వల్ప కరెంటును పుట్టిస్తుంది. ఆ కరెంటు దేన్నీ లాగలేదు, తోయలేదు. అందుకే దానితో తోయించే ప్రయత్నమే చేయరు. ఒక చిన్న శాశ్వత అయస్కాంతం ఒక ఇనుప రేకును గట్టిగా పట్టుకుని ఉంటుంది, దాన్ని వదిలించాలని ఒక చిన్న స్ప్రింగు లాగుతూ ఉంటుంది. రెండింటి బలాల మధ్య తేడా చాలా తక్కువ. చుట్టలోని కరెంటు ఆ అయస్కాంత క్షేత్రంలో కాస్తంత భాగాన్ని రద్దు చేస్తే చాలు, రేకు విడిపోతుంది. విడిపోయిన రేకు పెద్ద కొక్కేన్ని కొడుతుంది, పెద్ద స్ప్రింగు కాంటాక్టులను విడదీస్తుంది. ఆ పెద్ద యంత్రాంగం తెరుచుకుంటూనే ఒక చిన్న మీటతో రేకును మళ్లీ అయస్కాంతం మీదికి నెట్టి పెడుతుంది, కాబట్టి చిన్న స్ప్రింగుకు బయటి నుంచి ఎవరూ శక్తి ఇవ్వనక్కరలేదు. 30 మిల్లీయాంపియర్ల తేడా మొదలైన దగ్గర నుంచి ఇదంతా 300 మిల్లీసెకన్లలోపు ముగియాలని ప్రమాణం. తేడా అయిదు రెట్లు ఉంటే 40 మిల్లీసెకన్లే గడువు.

ఈ రిలేలో రేకు, అయస్కాంత ధ్రువం ఆనుకునే ముఖాలను అద్దంలా సానపడతారు. వాటి మధ్య మైక్రాన్ల మందం మురికి చేరినా పట్టు బలం మారిపోతుంది. తేమ వల్ల తుప్పు పడితే రేకు అతుక్కుంటుంది, అప్పుడు చుట్టలోని ఆ కొద్దిపాటి కరెంటు దాన్ని విడిపించలేదు. అందుకే రిలేను విడిగా ఒక చిన్న డబ్బాలో మూసి పెడతారు. సముద్రతీరపు ఊళ్లలో, ఉప్పుగాలి తగిలే చోట, బోర్డును వరండాలో బిగించిన ఇళ్లలో ఆర్‌సీసీబీ గురించి మరింత జాగ్రత్త అవసరమయ్యేది ఈ కారణం వల్లే.

తోసి విడిపించడం కాకుండా, పట్టుకున్న బలాన్ని తీసేసి విడిపించడం అనే ఈ ఆలోచన ఇళ్లకు విద్యుత్తు రావడం కంటే పాతది. 1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ లిఫ్టు వేదిక మీద నిలబడి, దాన్ని మోస్తున్న తాడును తెంపించాడు. వేదిక పైన ఉన్న బండి స్ప్రింగు ఒకటి తాడు బిగువు వల్ల వంగి ఉండేది. తాడు తెగగానే అది తిన్నగా సాగి రెండు పక్కలా ఉన్న పళ్ల పట్టాల్లో కొక్కేలను దూర్చింది, వేదిక ఆగింది. ఇక్కడ స్ప్రింగును బిగించి ఉంచినది ఏ భారం పడిపోతుందేమోనని భయమో ఆ భారమే. ప్రమాదమే ట్రిగ్గరుగా పనిచేసే ఇలాంటి ఏర్పాట్లలో కొక్కెం ఇరుక్కుపోవడం అన్న సమస్య చాలా తగ్గుతుంది. అయితే వీటికి మరో ఇబ్బంది ఉంది: పట్టు బలం ఏ కారణం చేత పోయినా యంత్రం ఆగిపోతుంది, నిజమైన ప్రమాదం లేకపోయినా సరే.

సబ్‌స్టేషన్లలో ఈ విషయం మరింత పెద్ద కొలతలో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెలకు కరెంటు ఇచ్చే 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో 11 కేవీ ఫీడర్లకు, అంటే అక్కడి నుంచి బయలుదేరే లైన్లకు, వాక్యూమ్ సర్క్యూట్ బ్రేకర్లు ఉంటాయి. లోపల రెండు ప్రధాన స్ప్రింగులు: మూసేందుకు ఒకటి, తెరిచేందుకు మరొకటి. మూసే స్ప్రింగును ఒక చిన్న మోటారు కొన్ని సెకన్ల పాటు గేర్ల ద్వారా తిప్పి బిగిస్తుంది. మోటారు లేకపోతే సిబ్బంది హ్యాండిల్‌తో బిగిస్తారు, ‘స్ప్రింగ్ చార్జ్’ చేయడమంటే ఇదే. మూసే స్ప్రింగు విడుదలైనప్పుడు అది కాంటాక్టులను కలపడమే కాక, అదే దెబ్బతో తెరిచే స్ప్రింగును కూడా బిగించేస్తుంది. అందువల్ల బ్రేకరు మూసుకుని ఉన్నదంటే తెరవడానికి కావలసిన శక్తి తప్పనిసరిగా లోపల సిద్ధంగా ఉన్నట్టే. మోటారు ఆ తర్వాత మూసే స్ప్రింగును తిరిగి బిగించి పెడుతుంది కాబట్టి, ఒకసారి తెరిచి, మూసి, మళ్లీ తెరిచేంత శక్తి ఎప్పుడూ నిలవ ఉంటుంది. లైను మీద చెట్టుకొమ్మ తగిలి ఫీడరు ట్రిప్ అయినప్పుడు ఈ ముందుచూపు పనికొస్తుంది. వాక్యూమ్ గదిలో కాంటాక్టులు విడిపోయే దూరం పది మిల్లీమీటర్ల అటూ ఇటూ మాత్రమే, వేగం సెకనుకు ఒక మీటరు స్థాయి.

ఈ మొత్తాన్ని విడుదల చేసేది ట్రిప్ కాయిల్. లైనులో లోపాన్ని పసిగట్టే రిలే ఆదేశించగానే బ్యాటరీ నుంచి డీసీ కరెంటు ఆ కాయిల్‌లోకి వెళ్లి ఒక చిన్న కడ్డీని ముందుకు తోస్తుంది, ఆ కడ్డీ కొక్కేన్ని తాకుతుంది. కాయిల్‌ను క్షణకాలం మాత్రమే కరెంటు తీసుకునేలా తయారుచేస్తారు. బ్రేకరు తెరుచుకోగానే దానికి అనుసంధానమైన సహాయక కాంటాక్టు కాయిల్ కరెంటును ఆపేస్తుంది. కొక్కెం ఇరుక్కుపోతే బ్రేకరు తెరుచుకోదు, సహాయక కాంటాక్టు మారదు, కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉండి అది కాలిపోతుంది. కాలిన ట్రిప్ కాయిల్ కనిపిస్తే కాయిల్ మార్చి ఊరుకోవడం తేలికైన పని, కానీ అది చాలాసార్లు రోగాన్ని వదిలి లక్షణానికి మందు వేయడమే అవుతుంది. వెతకవలసింది కొక్కెం దగ్గర, ఎండిన గ్రీజు దగ్గర.

బ్రేకర్ల నిర్వహణ చేసేవాళ్లు మొదటి ట్రిప్‌కు ప్రత్యేక విలువ ఇవ్వడానికి కారణం కూడా ఇదే. నెలల తరబడి కదలని బ్రేకరు మొదటిసారి తెరుచుకోవడానికి పట్టే సమయం, ఆ వెంటనే రెండోసారి పట్టే సమయం కంటే ఎక్కువ ఉండవచ్చు. మొదటి కదలికతో గ్రీజు కరిగి, పిన్నులు సర్దుకుంటాయి. ముందు రెండు మూడుసార్లు ఆడించి, తర్వాత పరికరాలు తగిలించి సమయం కొలిస్తే అంకెలు అందంగా వస్తాయి. నిజమైన షార్ట్ సర్క్యూట్‌కు మాత్రం ఎదురయ్యేది ఆ మొదటి, కొలవని ట్రిప్. అందుకే కాయిల్ కరెంటు మారే తీరును మొదటి ట్రిప్‌లోనే నమోదు చేసి, కడ్డీ ఎప్పుడు కదిలింది, కొక్కెం ఎప్పుడు వదిలింది అన్నది ఆ గీత వంపుల్లో చదువుతారు. స్ప్రింగులు కూడా ఏళ్ల తరబడి బిగిసి ఉంటే కొంత బలం కోల్పోతాయి. ఆ తగ్గుదలను ముందే అంచనా వేసి రూపకల్పనలో వెసులుబాటు ఉంచుతారు కాబట్టి అది కొక్కెం అంత తలనొప్పి కాదు.

కొక్కెం లేకుండానే ఇదే ఫలితం సాధించే చిన్న పరికరం మైక్రోస్విచ్. 1930ల తొలినాళ్లలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, ఫ్రీపోర్టులో పీటర్ మెక్‌గాల్ రూపొందించిన ఈ స్విచ్‌లో వంచిన ఒక పలుచని రేకే స్ప్రింగు, అదే ట్రిగ్గరు. మీట నొక్కుతూ పోతే ఒక హద్దు వరకు ఏమీ మారదు, హద్దు దాటగానే రేకు ఒక వంపు నుంచి ఎదుటి వంపుకు ఎగిరి కాంటాక్టును మారుస్తుంది. కంప్యూటర్ మౌస్‌లో టిక్కున వినిపించేది అదే. వదిలేస్తే తానే వెనక్కి వస్తుంది కాబట్టి దీనికి విడిగా బిగించే పని లేదు. దానికి బదులుగా ప్రతిసారీ వేలే కావలసిన శక్తినంతా ఇవ్వాలి, నిలవ ఉండేది ఏమీ లేదు.

ప్రకృతిలోనూ ఈ ఏర్పాటు ఉంది, అదీ మనదేశపు అడవుల్లో కూడా. ఓడోంటోమాకస్ అనే చీమలు దవడలను విశాలంగా తెరిచి కీలు దగ్గర గడియ వేసుకుని తిరుగుతాయి. పెద్ద కండరం నెమ్మదిగా బిగిసి, తల పైపెంకునే స్ప్రింగులా వంచుతుంది. దవడల మీది సన్నని రోమాలకు ఏదైనా తగిలితే ఒక చిన్న కండరం గడియను తప్పిస్తుంది. ఓడోంటోమాకస్ బౌరీ అనే జాతిలో ఆ దవడ మూసుకునే వేగం సెకనుకు 35 నుంచి 64 మీటర్లని 2006లో ప్రచురితమైన కొలతలు చూపాయి. ఏ కండరమూ నేరుగా ఆ వేగాన్ని ఇవ్వలేదు. బైమెటల్ పట్టీ విషయంలో చూసినదే ఇక్కడా జరుగుతోంది: నెమ్మదిగా నింపి, ఒక్కసారిగా వదలడం.

సున్నితత్వం పెంచుతూ పోతే మంచిదే అనిపిస్తుంది, కానీ ప్రతి మెట్టులోనూ అకారణంగా ట్రిప్ అయ్యే అవకాశం కూడా పెరుగుతుంది. ఉరుముల వేళ, ఎక్కువ కంప్యూటర్లు ఒకే ఆర్‌సీసీబీ మీద ఉన్నప్పుడు, పాత తడి వైరింగులో అది తరచుగా పడిపోతుంటే విసిగిన ఇంటివాళ్లు దాన్ని దాటవేసి వైరు కలిపించుకుంటారు. ఆ క్షణం నుంచి ఆ ఇంట్లో ఆ రక్షణ శూన్యం. ఇల్లంతటికీ ఒకే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టడం కంటే, లోడును రెండు మూడింటికి పంచడం మేలు. కొంత ఖర్చు పెరుగుతుంది, కానీ ఒక్కొక్క దాని గుండా మామూలుగా కారే లీకేజీ తగ్గి కొక్కెం ఊరికే విడిపోదు.

ఇక ఆర్‌సీసీబీ మీద ‘టి’ అని రాసి ఉండే బొత్తాం. దాన్ని నొక్కితే లోపలి ఒక రెసిస్టరు గుండా కొంత కరెంటు కోరును తప్పించుకుని వెళుతుంది, కోరుకు అది లీకేజీలాగే కనిపిస్తుంది. కాబట్టి కోరు, రిలే, కొక్కెం, స్ప్రింగు అన్నీ నిజంగా పనిచేస్తేనే పిడి పడుతుంది. పరీక్షతో పాటు అది వ్యాయామం కూడా. రేకు, కొక్కెం ఒకసారి కదిలితే అతుక్కునే అవకాశం తగ్గుతుంది. తయారీదారులు దీన్ని నియమిత వ్యవధిలో, చాలామంది నెలకోసారి, నొక్కమని అంటారు. సప్లై ఉన్నప్పుడే ఈ బొత్తాం పనిచేస్తుంది, కరెంటు పోయిన వేళ నొక్కి పాడైందనుకోకూడదు. ఇంటి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో మాత్రం ఇది చెప్పదు. బొత్తాం నొక్కితే ట్రిప్ అయిన బోర్డు వెనక ఎర్త్ తీగ తెగి వేలాడుతూ ఉండవచ్చు, దానికి ఎలక్ట్రీషియన్ మీటరుతో విడిగా పరీక్ష చేయాలి. బొత్తాం నొక్కినా పిడి పడకపోతే ఆ ఆర్‌సీసీబీని విప్పి నూనె వేయడం కుదిరే పని కాదు, కొత్తది బిగించాలి.